థియేటర్‌లో ‘టోస్కా’: ఎక్కడ కూర్చోవాలి, ఏం వినాలి, ఎక్కడ తేడా కొడుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డాలస్‌లో మీ దగ్గరి మల్టీప్లెక్స్‌లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా (మెట్) వాళ్ళ ‘టోస్కా’ శనివారం లైవ్ వేస్తున్నారు, ఇంట్లో ఎవరూ ఇంతవరకు ఒపెరా చూడలేదు, ఇండియా నుంచి వచ్చిన అమ్మగారిని, నాన్నగారిని కూడా తీసుకెళ్ళాలని ఉంది, ఇటాలియన్‌లో పాడుతూ పోతే మూడు గంటలు కూర్చోగలమా అని. నాన్నగారు పద్య నాటకాలు బాగా చూసినవారన్నారు కాబట్టి ఆయన గురించి బెంగ పెట్టుకోకండి. ఇబ్బంది పడితే మీరే పడాలి.

ముందు టైం సంగతి. టోస్కాలో సంగీతం మొత్తం కలిపినా రెండు గంటల లోపే. మొదటి అంకం 45 నిమిషాలు, రెండోది 40 పైచిలుకు, మూడోది అరగంట లోపు. మిగతాదంతా రెండు ఇంటర్వెల్స్, మధ్యలో తెర వెనక గాయకులతో ముచ్చట్లు. మెట్ శనివారం మ్యాట్నీ న్యూయార్క్ టైం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలవుతుంది, అంటే మీకు పన్నెండు. మామూలు సినిమాకి వెళ్ళినట్టు ట్రైలర్లు అయ్యేదాకా పాప్‌కార్న్ లైన్‌లో నిలబడితే కుదరదు. ఇది లైవ్, మీకోసం ఆగదు. పైగా టోస్కాకి ఉపోద్ఘాత సంగీతం లేదు. తెర లేస్తూనే మూడు కార్డ్స్ (chords, ఒక్కోటీ కొన్ని స్వరాలు కలిసి ఒకేసారి మోగడం) మీద పడతాయి. అవి విలన్ స్కార్పియా గుర్తు. ఆ కొద్ది సెకన్లు పోతే కథ అర్థం కాకపోదు గానీ, తర్వాత అవే కార్డ్స్ ఎక్కడెక్కడ దాక్కుని వస్తాయో పట్టుకునే వీలు పోతుంది. ఇరవై నిమిషాలు ముందే సీట్లో ఉండండి.

సీట్లు: హాలు లోతులో ముందు నుంచి మూడింట రెండు వంతుల దగ్గర, మధ్యలో. ముందు వరుసలు ఎందుకు వద్దంటే, సబ్‌టైటిల్స్ తెర అడుగున వస్తాయి, క్లోజప్‌లో ముఖం పైన ఉంటుంది. రెంటి మధ్య తల ఎత్తీ దించీ మెడ పట్టేస్తుంది. మరీ చివరి వరుస కూడా వద్దు. ధ్వని మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, 30 మీటర్ల దూరంలో కూర్చుంటే మాట పెదవి కన్నా 90 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. సినిమాలో డైలాగ్ అయితే ఎవరికీ పట్టదు, నోరంతా తెరిచి ఒకే స్వరాన్ని లాగుతున్న మనిషి ముఖం తెర నిండా ఉన్నప్పుడు మాత్రం కొందరికి ఎక్కడో తేడాగా అనిపించొచ్చు. అమ్మగారికి మోకాళ్ళ ఇబ్బంది ఉంటే మెట్లు తక్కువుండే వైపు చివరి సీటు తీసుకోండి, పక్కనుంచి చూసినా ఈ కథకి పెద్ద నష్టం లేదు.

ఇప్పుడు కథ. ఇది ముందే చెప్పేస్తే మజా పోతుందని చాలామంది దాచిపెడతారు. దాచకండి. హరిశ్చంద్రుడు కాటిలో ఏమవుతాడో తెలియక ఎవరూ నాటకానికి వెళ్ళలేదు కదా, ఆ పద్యం ఈయన నోట ఎలా వస్తుందో వినడానికి వెళ్ళారు. ఇదీ అంతే. ఇటలీ వాళ్ళూ నచ్చిన పాటకి మనలాగే వన్స్ మోర్ కొడతారు, దాన్ని ‘బిస్’ అంటారు. 2016లో వియన్నాలో గాయకుడు యోనాస్ కౌఫ్‌మన్ ఇదే ఒపెరా మూడో అంకంలో తన పాట రెండోసారి పాడాల్సొచ్చింది. పాడాక రావాల్సిన నాయిక వేదిక మీదకి రాలేదు, ఆయన ‘సొప్రానో (నాయిక పాత్ర పాడే గాయని) లేదండీ’ అని అదే రాగంలో పాడేశాడు. ఈ ముక్క నాన్నగారికి తప్పకుండా చెప్పండి.

ఇటాలియన్ స్వరకర్త పుచీని రాసిన ఈ ఒపెరాని మొదటిసారి 1900 జనవరి 14న రోమ్‌లో, కోస్తాన్‌జి థియేటర్‌లో ప్రదర్శించారు. మూలం ఫ్రెంచి రచయిత సార్దూ 1887లో నటి సారా బెర్న్‌హార్ట్ కోసం రాసిన నాటకం. కథ 1800 జూన్‌లో, ఒక మధ్యాహ్నం మొదలై మర్నాడు తెల్లవారుజాముకి అయిపోతుంది. మూడు అంకాలకీ చోట్లు రోమ్‌లో ఈనాటికీ ఉన్నవే: సంతాంద్రియా దెల్లా వాల్లె చర్చి, ఫర్నేసె ప్యాలెస్, సంతాంజెలో కోట.

మొదటి అంకంలోనే పేర్లు ఎక్కువ, అందుకే దీన్ని కారులో వెళ్తూ తెలుగులో చెప్పేయండి. ఆంజెలొత్తి జైలు నుంచి పారిపోయి చర్చిలో దాక్కుంటాడు. అక్కడ బొమ్మ వేస్తున్న చిత్రకారుడు కవరదొస్సి స్నేహితుడు, సాయం చేస్తానంటాడు. కవరదొస్సి ప్రియురాలు ఫ్లోరియా టోస్కా పేరున్న గాయని, మహా అనుమానం మనిషి. బొమ్మలో మేరీ మగ్దలీన్‌కి నీలి కళ్ళు చూసి అవి ఆంజెలొత్తి చెల్లెలివని పసిగట్టేస్తుంది. వెళ్తూ వెళ్తూ ‘కళ్ళు మాత్రం నల్లగా వెయ్యి’ అంటుంది. హాల్లో నవ్వులు వినపడేది ఇక్కడే, తర్వాత నవ్వడానికి పెద్దగా ఏమీ మిగలదు. పోలీసు అధిపతి స్కార్పియా వస్తాడు, దొరికిన ఒక విసనకర్రని టోస్కాకి చూపించి ఆమె అసూయని రాజేస్తాడు, ఆమె వెనక మనిషిని పంపిస్తాడు.

అంకం చివర తె దేయుం ప్రార్థన. రోమ్ పాలకుల శత్రువైన నెపోలియన్ మరెంగో యుద్ధంలో ఓడాడని వార్త వచ్చి చర్చిలో పండగ చేస్తున్నారు. కింద చర్చి గంటలు రెండు, రెండే స్వరాలు, ఒకదాని తర్వాత ఒకటి ఆగకుండా మోగుతాయి. మధ్యమధ్యలో ఫిరంగి. వాటిపైన జనం ప్రార్థన గొణుగుడుగా మొదలై పెరుగుతుంది, ఆ ప్రార్థన లోపలే స్కార్పియా ఒకడికి ఉరితాడు, ఒకతెకి కౌగిలి అని పాడుకుంటూ ఉంటాడు. ఇక్కడ సినిమా తెర మనకి కొంత అన్యాయం చేస్తుంది. వేదిక మీద అదంతా ఒకేసారి కళ్ళబడాలి: వంద మంది, ఊరేగింపు, పక్కన ఒంటరిగా ఈ మనిషి. కెమెరా ఏదో ఒకటి ఎంచుకోవాలి కాబట్టి ఎక్కువసేపు స్కార్పియా ముఖం పట్టుకుంటుంది. అలాంటప్పుడు కంటిని అక్కడే వదిలేసి చెవిని గంటల మీద పెట్టండి. జనం ఎంతవరకు పెరిగారో అవే చెబుతాయి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక ఈ చోటు గురించే. మొదటి అంకం మొదట్లో సంభాషణలు నెమ్మదిగా ఉంటాయి, ఎవరో ఒకరు బయటికెళ్ళి సౌండ్ పెంచమంటారు. పెంచాక ముప్పై నలభై నిమిషాలకి తె దేయుం వస్తుంది, ఫిరంగి మోతకి అందరూ చెవులు మూసుకుంటారు, అప్పుడు ఇంకొకరు వెళ్ళి తగ్గించమంటారు, రెండో అంకం అంతా పేలవంగా పోతుంది. మామూలు సినిమా సౌండ్‌లో మాట ఎంత గట్టిగా ఉండాలో ముందే కుదించి ఉంచుతారు. ఒపెరాలో గుసగుసకీ మోతకీ మధ్య దూరం నిజంగానే ఎక్కువ. టెనర్ (హెచ్చు స్థాయి మగ గొంతు, ఇక్కడ కవరదొస్సి) మొదటి పాట ‘రెకోందితా ఆర్మొనియా’ పది నిమిషాల లోపే వస్తుంది. అది నిండుగా వినపడితే లెవెల్ సరిగ్గా ఉన్నట్టే, ముట్టుకోనివ్వకండి.

పెదవికీ పాటకీ పొత్తు కుదరకపోతే మాత్రం వెంటనే లేవండి, మొహమాటపడకండి. కారణం ఎక్కువగా ఇది: ఉపగ్రహం నుంచి వచ్చిన చిత్రం ప్రొజెక్టర్ దగ్గర సైజు మార్చుకునేటప్పుడు కాస్త ఆలస్యమవుతుంది, శబ్దం మాత్రం నేరుగా స్పీకర్లకి పోతుంది. పాట ముందు, పెదవి వెనక. మన కన్ను దీన్ని ఇట్టే పట్టేస్తుంది. పాట దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా తేడా తెలుస్తుంది, వెనకబడితే మాత్రం 125 దాకా ఓర్చుకుంటుంది. సిబ్బందితో ‘సౌండ్ బాగోలేదు’ అంటే వాల్యూమ్ తిప్పి పంపించేస్తారు. ‘పాట ముందొస్తోంది, ఆడియో డిలే పెంచండి’ అని చెప్పండి. ఆడియో ప్రాసెసర్‌లో దానికి సెట్టింగ్ ఉంటుంది, నిమిషం పని.

బొమ్మ గడులు గడులుగా విరిగి ఆగిపోతే అది థియేటర్ చేతిలో లేదు. గట్టి వాన, డిష్ మీద మంచు, ఈ రెండే ఎక్కువ. మార్చి, అక్టోబర్ నెలల అటూ ఇటూ అయితే సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి కొన్ని నిమిషాలు సిగ్నల్‌ని ముంచేస్తాడు. కూర్చుని ఉండండి, దానంతట అదే వస్తుంది. పావుగంట దాటితే కౌంటర్ దగ్గర మళ్ళీ రావడానికి పాస్ అడగండి. లైట్ల సంగతి వేరు. సినిమా ఫైలు ఆడుతున్నప్పుడు లైట్లు వెలగడం, ఆరడం దానితోపాటే నడుస్తాయి. లైవ్‌కి ఆ ఏర్పాటు ఉండదు, ఎవరో ఒకరు చేత్తో నొక్కాలి. ఇంటర్వెల్ అయ్యాక లైట్లు వెలుగుతూనే ఉండిపోతే వాళ్ళు మర్చిపోయారన్నమాటే.

రెండో అంకం ఈ ఒపెరాకి గుండెకాయ. సినిమా తెర దీనికే సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఒక గది, ఒక భోజనం బల్ల, ఎక్కువసేపు ఇద్దరే మనుషులు. స్కార్పియా రాత్రి భోజనం చేస్తుంటాడు. కిటికీ తెరిచి ఉంటుంది, కింది అంతస్తులో రాణిగారి విందులో టోస్కా పాడుతున్నది లోపలికి వినపడుతుంది. అదే గదిలో కవరదొస్సిని ప్రశ్నిస్తుంటారు. పైన ఆరా, కింద భక్తి పాట, రెండూ ఒకేసారి. పాట అడ్డొస్తోందని స్కార్పియా కిటికీ దభాలున మూసేస్తాడు, గొంతు అక్కడికక్కడ తెగిపోతుంది. తలుపు వెనక చిత్రహింస మొదలవుతుంది, మనకి అరుపులే వినపడతాయి. టోస్కా తట్టుకోలేక ఆంజెలొత్తి తోటలో బావిలో ఉన్నాడని చెప్పేస్తుంది. ఈలోగా అసలు వార్త వస్తుంది: మరెంగోలో గెలిచింది నెపోలియనే. చర్చిలో చేసిన పండగంతా ఉత్తదే. రక్తం కారుతున్న కవరదొస్సి ‘విత్తోరియా’ (విజయం) అని అరుస్తాడు, ఆ కేకకి టెనర్ ఎంత ఊపిరి దాచుకున్నాడో ముఖంలో కనపడుతుంది.

కవరదొస్సి ప్రాణానికి బదులు టోస్కా శరీరం అడుగుతాడు స్కార్పియా. అప్పుడు ‘విస్సి దార్తె’, మూడు నిమిషాల పాట. కళ కోసం, ప్రేమ కోసం బతికాను, ఎవరికీ చెడు చేయలేదు, దేవుడా నాకిలా ఎందుకు బదులిస్తున్నావు అని. చివర్లో పైకి ఎక్కే ఎత్తైన స్వరం అందరికీ తెలుస్తుంది. గాయని స్థాయి తెలిసేది దాని తర్వాత, కిందికి దిగుతూ గొంతు సన్నబడే చోట. అక్కడ ఊపిరి తెగకుండా దిగిందంటే ఆమె గొప్పదే.

పాట అవగానే చప్పట్లలో పడి ఒక మాట వదిలేయకండి. టోస్కా ఒప్పుకున్నాక స్కార్పియా తన మనిషి స్పొలెత్తాతో, కవరదొస్సి మీద కాల్పులు ఉత్తుత్తివే, ‘పల్మియేరికి చేసినట్టు’ అంటాడు. రెండుసార్లు అంటాడు. టోస్కాకి దాని అర్థం తెలియదు, స్పొలెత్తాకి తెలుసు: నిజంగానే కాల్చెయ్యమని. ఆ సబ్‌టైటిల్ తప్పిపోతే మూడో అంకం సగం అర్థం కాదు.

తర్వాతి దృశ్యాన్ని నిమిషం నిమిషం చూడండి. స్కార్పియా ఊరు దాటే పత్రం రాస్తుంటాడు. ఏ దారిన వెళ్తారు, చివితావెక్కియా మీదుగానా అని అడుగుతాడు. ఆమె వైన్ గ్లాసు అందుకోబోయి బల్ల మీద కత్తి చూస్తుంది. ఆ క్షణం మాట లేదు, పాట లేదు, వయొలిన్లు కింది స్థాయిలో ఒక బరువైన రాగం తీసుకుంటాయి. పొడుస్తుంది. అతను చచ్చాక ‘ఇతని ముందే రోమ్ అంతా వణికింది’ అనే మాట దాదాపు ఒకే స్వరం మీద అంటుంది. చాలామంది దాన్ని పాడకుండా పలికేస్తారు. వేళ్ళు కడుక్కుంటుంది, అద్దంలో జుట్టు సర్దుకుంటుంది, పత్రం కోసం బల్లంతా వెతుకుతుంది, చివరికి అది శవం పిడికిట్లో ఉందని చూస్తుంది. వెళ్ళబోతూ ఆగి, రెండు కొవ్వొత్తులు తెచ్చి తలకి రెండు వైపులా పెట్టి, గోడ మీది సిలువ తీసి గుండెల మీద ఉంచుతుంది. ఇదంతా సార్దూ నాటకంలో ఉన్నదే. ఈ కొన్ని నిమిషాలూ కథ నడిపేది ఆర్కెస్ట్రా ఒక్కటే. మొదట మీద పడిన ఆ మూడు కార్డ్స్ ఇప్పుడు గుసగుసగా వస్తాయి. మనిషి పోయాడు గానీ వాడి పట్టు వదల్లేదన్నమాట. ఇక్కడ పాప్‌కార్న్ నమిలితే పక్కవాళ్ళు మిమ్మల్ని చూసే చూపుకి నేను బాధ్యుణ్ణి కాదు.

మూడో అంకం నాలుగు హార్న్‌లతో మొదలై వెంటనే నిశ్శబ్దంలోకి జారుకుంటుంది. తెల్లవారుజాము, ఎక్కడో గొర్రెల కాపరి పిల్లాడి పాట, రోమ్ చర్చిల గంటలు ఒక్కొక్కటి ఒక్కో దూరం నుంచి. పుచీని ఆ కోట మీద నుంచి గంటలు ఎలా వినపడతాయో తెలుసుకోవడానికి రోమ్ వెళ్ళాడు, సెయింట్ పీటర్స్ పెద్ద గంట ఏ స్వరంలో మోగుతుందో కనుక్కుని అదే రాశాడు. మల్టీప్లెక్స్‌లో అన్నిటికన్నా ముందు దెబ్బతినేది ఈ భాగమే: ఏసీ హోరు, పక్క స్క్రీన్‌లో యాక్షన్ సినిమా బేస్ గోడలోంచి రావడం. దీనికి మందు లేదు. ఇక ‘ఎ లుచెవాన్ లె స్తెల్లె’: రాగాన్ని ముందు క్లారినెట్ తీసుకుంటుంది, టెనర్ దాని కింద మాట్లాడుకుంటున్నట్టు మొదలెడతాడు. కౌఫ్‌మన్‌కి బిస్ పడింది దీనికే. చప్పట్లు కొట్టాలనిపిస్తే థియేటర్‌లోనైనా కొట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు.

టోస్కా వచ్చి, తుపాకులు ఉత్తివే, పేలగానే పడిపో, దెబ్బ తగలకుండా పడాలి, వేదిక మీద నాకు అలవాటే అని నేర్పిస్తుంది. పేలాక అతను పడితే ‘ఆహా, ఏం కళాకారుడు!’ అంటుంది. పల్మియేరి మాట గుర్తున్నవాళ్ళకి ఈ చోట ఒళ్ళు జలదరిస్తుంది. నిజం తెలిశాక ఆమె కోట గోడ మీద నుంచి దూకేస్తుంది, ‘స్కార్పియా, దేవుడి ముందు తేల్చుకుందాం’ అంటూ. గోడ అవతల పరుపు ఉంటుంది, అమ్మగారు కంగారు పడకుండా చెప్పి ఉంచండి.

తెర వల్ల వచ్చే మరో భ్రమ గురించి చెప్పాలి. మెట్ హాల్లో సుమారు 3,800 సీట్లు. అక్కడ గాయకులకి సౌండ్ పెంచే మైకు ఉండదు, నిండు ఆర్కెస్ట్రాని దాటుకుని గొంతే చివరి వరుసకి చేరాలి. మీకు వచ్చేది మాత్రం మైకులు పట్టి, మిక్సర్ దగ్గర సర్ది పంపిన ధ్వని. చిన్న గొంతూ పెద్ద గొంతూ తెర మీద ఒక్కలాగే వినపడతాయి. అందుకే థియేటర్‌లో చూసి ‘ఎంత పెద్ద గొంతు’ అని తీర్మానించకండి. ఊపిరి, మాట స్పష్టత, నటన, ఇవి మాత్రం హాల్లో కూర్చున్నవాళ్ళ కన్నా మీకే బాగా దొరుకుతాయి. ప్రేమ సన్నివేశంలో హీరో కళ్ళు పక్కకి జారితే తప్పు పట్టకండి, కండక్టర్‌ని చూపించే మానిటర్ అటు ఉంటుంది. దూరానికి లెక్కపెట్టి వేసిన మేకప్, విగ్గు అంచు క్లోజప్‌లో కనపడతాయి, అది కూడా మామూలే.

తయారీకి ఇరవై నిమిషాలు చాలు: తె దేయుం, విస్సి దార్తె, ఎ లుచెవాన్ లె స్తెల్లె, ఈ మూడూ ఒక్కోసారి వినండి. ఇంకా ఓపిక ఉంటే 1964లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో మరియా కాలస్ (టోస్కా), తీతో గొబ్బి (స్కార్పియా) చేసిన రెండో అంకం వీడియో ఉంది. అది మాత్రం షో అయ్యాకే చూడండి. ముందే చూస్తే శనివారం వాళ్ళు ఎవరైనా సరే గొబ్బి ముందు తేలిపోతారు, అది వాళ్ళకి అన్యాయం.

అమ్మగారికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేగం అందకపోతే ప్రతి ఇంటర్వెల్‌లో రాబోయే అంకం రెండు నిమిషాల్లో చెప్పండి, షో నడుస్తుండగా చెవిలో చెప్పొద్దు. చిన్నపిల్లల్ని తేవద్దు. చిత్రహింస, బలాత్కార యత్నం, హత్య, కాల్పులు, ఆత్మహత్య, ఇన్నీ రెండు గంటల్లో ఉన్నాయి, పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి నేనైతే వద్దంటాను. బట్టల గురించి అడిగారు: జీన్స్ చాలు, ఏసీ చలికి ఒక శాలువా.

శనివారం కుదరకపోతే ఎన్‌కోర్ షో ఉందేమో చూడండి, సాధారణంగా తర్వాతి బుధవారం వేస్తారు. రికార్డు చేసిందే కాబట్టి సిగ్నల్ గొడవ ఉండదు. ఇంటర్వెల్ మాత్రం లైవ్ కన్నా తగ్గించి ఉండొచ్చు, అమ్మగారితో బాత్‌రూమ్‌కి లైట్లు వెలిగిన వెంటనే బయల్దేరండి. అమ్మానాన్నలు ఈలోగా ఇండియా వెళ్ళిపోయేట్టయితే ముంబైలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం మెట్ ఒపెరాలని తెర మీద వేస్తూ వస్తోంది, లేదంటే మెట్ సొంత స్ట్రీమింగ్ సర్వీసు ఉంది. టీవీలో చూస్తే మాత్రం టీవీ స్పీకర్లు నమ్ముకోకండి. గుసగుస వినపడాలని పెంచితే ఫిరంగికి పగిలినట్టు వస్తుంది, మంచి హెడ్‌ఫోన్స్ అయినా పెట్టుకోవాలి.